భయానక చలనచిత్రములు – అనుమానితుని కథ

బెంగళూరు నగరమున తూర్పు దిక్కున నున్న మహదేవపుర 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికలో విలీనమైన పురపాలక సంఘములలో నొకటి. ఒకప్పుడు పల్లెలును, చెరువుగట్లును ఉన్నచోట సాంకేతిక సంస్థలు వెలసినవి. వానితోపాటు అనేక తెరలు గల చిత్రశాలలు వచ్చినవి. ఒక్క కప్పు క్రిందనే కన్నడ, తెలుగు, తమిళ, హిందీ చిత్రములు ఆడుచుండును. భాషలు వేరైనను ఇచ్చటి ప్రేక్షకులు భయపడు తీరు వేరు కాదు. 1990 దశకమున బెంగళూరు పేటలలో ఇండ్ల తలుపులపై ‘నాళె బా’ యని వ్రాసికొనిరని ప్రసిద్ధి. రాత్రివేళ ఒక స్త్రీ తలుపు తట్టుననియు, తెరచినవారికి కీడు మూడుననియు, వ్రాత చూచి యామె తిరిగిపోవుననియు జనుల నమ్మకము. తెలుగు పల్లెల గోడలమీద కనిపించిన ‘ఓ స్త్రీ రేపు రా’ యను వ్రాత దీనికి తోబుట్టువే. ఆ పేరుతో 2016లో ఒక తెలుగు చిత్రము వచ్చినది. 2018లో అమర్ కౌశిక్ హిందీలో ‘స్త్రీ’ తీసెను.

ఈ వదంతిలో గమనింపదగిన విషయమొకటి కలదు. భయము ఊరకుండదు, అది ఒక మనిషి ముఖమును వెదకికొనును. భయానక చలనచిత్ర చరిత్రను రక్తపాతము ఎంత పెరిగినదను లెక్కతో గాక, అనుమానము ఎవరిపై మోపబడినదను ప్రశ్నతో పరిశీలించుట సమంజసము.

భరతుడు నాట్యశాస్త్రమున భయానకమును ఎనిమిది రసములలో ఒకటిగా లెక్కించెను. దానికి స్థాయి భయము. శూన్యగృహము, అరణ్యము, నక్కల కూత, గుడ్లగూబల అరపు దానికి విభావములు. నేటి చిత్రములు సైతము ఈ సామగ్రిని విడువలేదు. మూకీల కాలముననే జర్మనీలో రెండు మార్గములు ఏర్పడినవి. రాబర్ట్ వీన్ తీసిన ‘డాక్టర్ కాలిగరి’ (1920) వంకరగోడల, చిత్రించిన నీడల నడుమ భయమును మనస్సులో నిలిపినది. కథ చెప్పువాడే చిత్తవిభ్రాంతి గలవాడని తుదకు తేలును. మూర్నౌ తీసిన ‘నోస్ఫెరాతు’ (1922) ఊరిలోనికి పిశాచమును, దానితో మహమ్మారిని తెచ్చినది. డ్రాకులా నవలకు అనుమతి లేని అనుకరణ యగుటచే దాని ప్రతులను నాశనము చేయవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పినను చిత్రము బ్రతికినది. అందు ఊరి జనము తెగుళ్లకు కారకుడని ఒక ఉన్మత్తుని తరుముదురు. అసలు పిశాచము మరొకచోట నుండును. 1931లో జేమ్స్ వేల్ ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ చిత్రమునను కాగడాలు పట్టిన గుంపు కనిపించును. గుంపు భూతముకంటె భయంకరమని ఈ చిత్రములు తొలినాడే చూపినవి.

తెలుగు తెరపై ‘పాతాళ భైరవి’ (1951) మాంత్రికుడు, యస్.వి. రంగారావు అభినయమున, చిరస్మరణీయుడయ్యెను. అయితే అది జానపదము. కీడు చేయువాడెవడో ప్రేక్షకునికి మొదటనే తెలియును. 1966లో వచ్చిన ‘ఆమె ఎవరు?’ హిందీ ‘వో కౌన్ థీ?’ (1964) కథకు తెలుగు రూపము. దయ్యమనుకొన్నది మనుష్యుల కుట్రయని తేలుట ఆ కాలపు చిత్రములకు ఇష్టమైన ముగింపు.

1980 దశకమున ఈ ధోరణి మారినది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవల చేతబడిని పట్టణమధ్యమున నిలిపినది. రంగనాయకమ్మ దానిని ఖండించుచు ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అను గ్రంథమే వ్రాసిరి. ఆ నవల 1985లో కన్నడమున ‘తులసీదళ’ చిత్రమైనది. తరువాతి నవల ‘తులసి’ ఆధారముగ 1986లో ‘కాష్మోరా’ తెలుగున వచ్చినది. అనగా తెలుగువారి వాదము కన్నడ ప్రేక్షకుల యెదుటికిని చేరినదన్నమాట. రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) భరతుని శూన్యగృహమును మధ్యతరగతి ఇల్లుగా మార్చెను. కోడి రామకృష్ణ ‘అరుంధతి’ (2009) గద్వాల సంస్థానపు కోటలో పగను నిలిపి, స్త్రీని బాధితురాలిగ గాక సంహర్త్రిగ చూపెను. కార్తీక్ దండు ‘విరూపాక్ష’ (2023)లో గ్రామస్థులు క్షుద్రపూజల నెపమున ఒక దంపతులను దహింతురు; ఆ పగయే పండ్రెండేండ్లకు ఊరిని కబళింప వచ్చును. ఇచ్చట గుంపు దోషియే. కాని మంత్రశక్తియు నిజమే. ప్రేక్షకుడు రెండు మాటలు మోసికొని ఇల్లు చేరును.

విదేశములలో ఇదే కాలమున జపానున తకాషి మియికె ‘ఆడిషన్’ (1999), ఫ్రాన్సున పాస్కల్ లాజియే ‘మార్టర్స్’ (2008) శరీరహింసను సహింపరాని మేరకు కొనిపోయినవి. వాని క్రౌర్యము నిస్సంశయము. అయినను వానిలో దయ్యము లేదు, హింసించువాడు మనుష్యుడే. చూచువాడు హడలిపోవును గాని పొరుగింటి ముసలమ్మపై అనుమానము పెంచుకొనడు.

ఈ భేదము కేవలము రసచర్చ కాదు. తెలంగాణ పల్లెలలో బాణామతి నెపమున అనుమానితుల పండ్లు ఊడగొట్టిన ఘటనలు, చంపిన ఘటనలు కలవు. పండ్లు లేనివాడు మంత్రము స్పష్టముగ ఉచ్చరింపలేడని నమ్మకము. కర్ణాటకమున 2017లో అమానవీయ దురాచారముల నిరోధచట్టము చేయబడి 2020లో అమలునకు వచ్చినది. దయ్యము వదలింతుమని మనుష్యులను హింసించుటను అది నేరముగా పరిగణించినది. చట్టము అవసరమైనదనుటయే నమ్మకము ఇంకను ప్రాణహానికరముగ నున్నదనుటకు సాక్ష్యము.

కావున భయానక చిత్రములను నిషేధింపవలెనని గాని, హేతువాదపు ముగింపు విధిగ నుండవలెనని గాని చెప్పుట తగదు. రసమునకు చీకటి కావలెను. దీపములు వెలిగిన పిమ్మట ఆ చీకటి ఎవరి గుమ్మమున మిగులునో కళాకారుడు ఎరుగవలెను. ‘స్త్రీ’ చిత్రాంతమున ఊరివారు గోడపై వ్రాతను మార్చి, తాము భయపడిన స్త్రీనే తమ్ము రక్షింపుమని వేడికొందురు. రేపు రమ్మన్నచో దయ్యము తిరిగిపోవునని కథ. అనుమానితుడగు మనిషికి అట్టి వ్రాత ఏదియు రక్షగా లేదు. గుంపు వచ్చునది ఆ రాత్రియే.