కొండ మీద ఆరుగురి ఖబర్

స్కాట్లాండ్ ఉత్తరాన బెన్ మోర్ ఆసింట్ అనే పహాడ్ ఉంది. ఎత్తు 998 మీటర్లు. అక్కడికి నడిచి వెళ్లేవాళ్లలో కొందరి మంజిల్ శిఖరం కాదు, ఆరుగురి ఖబర్.

1941 ఏప్రిల్ 13. జంగ్ రోజులు. కిన్లాస్ నుంచి శిక్షణ కోసం లేచిన యాన్సన్ విమానం మంచు తుఫానులో చిక్కి ఈ కొండను ఢీకొంది. ఎంత వెదికినా జాడ లేదు. ఆరు వారాలకు, మే 25న, ఒక గొర్రెల కాపరి కంటపడింది. ఆరు మయ్యత్‌లను అంత దూరం మోసుకుని దిగడం కుదరక అక్కడే దఫన్ చేసి, పైన రాళ్లు పేర్చారు. ఇంట్లోవాళ్లకు ఆఖరి దీదార్ కూడా నసీబ్ కాలేదు. భుజాలు దొరకని జనాజా అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా?

ఆ రాళ్లగుట్ట చెదిరిపోతుంటే, 2013లో 600 కిలోల గ్రానైట్ రాయిని చినూక్ హెలికాప్టర్‌లో తెచ్చి పెట్టారు. ఆనాడు మనుషుల్ని దించలేని చోటికి ఈనాడు రాయి ఎగిరి వచ్చింది!

విమానం ముక్కలు ఇంకా అక్కడే పడి ఉన్నాయి. యాద్‌గార్ అంటూ ఒక తునక జేబులో వేసుకునేవాళ్లూ ఉంటారు. నా లెక్కలో అది ఖబర్ మీది మట్టి ఎత్తుకుపోవడమే. 1986 నాటి బ్రిటన్ ఖానూన్ ప్రకారం జుర్మ్ కూడా. కూలిన సైనిక విమానం ముక్కను ఇజాజత్ లేకుండా కదపకూడదు.