చీకటి వెతుక్కుంటూ బేగంపేట నుంచి రంగాపూర్‌కి

అమావాస్య దగ్గరపడగానే కార్లెక్కి, ఊరి దీపాలు దాటి, చుక్కలు చూడ్డానికి పోయే ఐటీ జనాలు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. ఇదేదో వీకెండ్ ట్రిప్పులతో పుట్టిన సరదా అనుకుంటాం గానీ, హైదరాబాద్‌లో ఈ పని 1960ల్లోనే ఒక యూనివర్సిటీ చేసింది. అదీ సరదాకి కాదు, వేరే దారిలేక.

కథ 1901లో మొదలు. నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ కట్టించాడు. నిజాం గౌరవార్థం దానికి నిజామియా అని పేరు పెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా చేతికొచ్చింది. అమీర్‌పేటలో కోర్సులు చేసిన మనలో ఎంతోమంది ఆ ఆవరణ పక్కనుంచే తిరిగి ఉంటారు.

అప్పటి బేగంపేట ఆకాశం ఎలాంటిదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. ఆకాశాన్నంతా ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచెయ్యాలని 1887లో పారిస్‌లో ఒక ప్రాజెక్టు మొదలైంది. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకున్నాయి. హైదరాబాద్ తన వంతుగా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కకట్టింది. మామూలు కంటికి కనిపించేవి ఆకాశం మొత్తంమీద కొన్ని వేలే! అలాంటి పని బేగంపేటలో జరిగిందంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

ఊరు పెరిగింది, దీపాలూ పెరిగాయి. పెద్ద టెలిస్కోపు కొంటే సరిపోదా అంటే, సరిపోదు. గాల్లోని దుమ్మూ తేమా వీధిదీపాల వెలుతురుని చెదరగొట్టి, ఆకాశమంతా తెల్లగా పులిమేస్తాయి. పెద్ద అద్దం చుక్క వెలుగుతో పాటు ఆ పులుముడునీ ఎక్కువగానే పోగేస్తుంది. మన భాషలో చెప్పాలంటే నాయిస్ సిగ్నల్‌తో పాటే పెరుగుతోంది, హార్డ్‌వేర్ అప్‌గ్రేడ్ ఒక్కటే దీన్ని తీర్చదు.

అందుకే 48 అంగుళాల కొత్త టెలిస్కోపుని ఊళ్ళో పెట్టకుండా, 1968లో సాగర్ రోడ్డు వైపున్న జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర నిలబెట్టారు. నగరానికి యాభై కిలోమీటర్ల పైమాటే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు చూసిందీ అక్కడినుంచే.

అదే 1968లో తమిళనాడు జవ్వాది కొండల్లో, కావలూరు అనే పల్లె దగ్గర ఇంకో అబ్జర్వేటరీ పని మొదలుపెట్టింది. దాన్ని అక్కడ పెట్టించిన వేణు బప్పు హైదరాబాద్‌లో పెరిగినవాడే. వాళ్ళ నాన్న నిజామియాలో ఉద్యోగి.

తర్వాత? హైదరాబాద్ అక్కడితో ఆగలేదు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, రంగాపూర్ దారిలో ఉన్న ఆదిబట్ల దాకా మన కంపెనీలే వెళ్ళాయి. అంటే చీకటి వెతుక్కుంటూ పోయినవాళ్ళ వెనకాలే మనమూ లైట్లు పట్టుకుని వెళ్ళామన్నమాట. యాభై కిలోమీటర్లు పారిపోతే కలిసొచ్చేది కొన్ని దశాబ్దాలే.

దేశంలో పెద్ద టెలిస్కోపులకి చోటు వెతుకుతూ చివరికి లడఖ్‌లోని హాన్లే దాకా వెళ్ళారు. 4,500 మీటర్ల ఎత్తు. 2000లో అక్కడి రెండు మీటర్ల టెలిస్కోపు మొదటిసారి ఆకాశాన్ని చూసింది. దాన్ని నడిపేది బెంగళూరు పక్కన హోస్కోటె నుంచి, శాటిలైట్ లింకు మీద. పక్కా వర్క్ ఫ్రమ్ హోమ్! కానీ హాన్లే నుంచి నేర్చుకోవాల్సింది ఎత్తు గురించి కాదు. 2022లో ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దీపాలకి పైకప్పులు, కిటికీలకి మందపాటి తెరలు వాడమన్నారు. ఊళ్ళో వాళ్ళకే టెలిస్కోపులిచ్చి, చుక్కలు చూపించడం నేర్పారు. ఇప్పుడు చీకటి వాళ్ళకి ఆదాయం కూడా. చీకటి కోసం ఇంకా దూరం పరిగెత్తడం కాకుండా, ఉన్నచోటే దాన్ని కాపాడుకోవడం అంటే ఇదే.

మూసీని బాగుచెయ్యడానికి ఏళ్ళు పడుతుంది, గాలికీ అంతే. వెలుతురు కాలుష్యం అలా కాదు, స్విచ్ ఆపిన క్షణంలో మాయం. ఇంత సులువైన రోల్‌బ్యాక్ మన ప్రాజెక్టుల్లో కూడా ఉండదు. మరి రాత్రి రెండింటికి, మనుషుల్లేని ఆఫీసు టవర్ మీద ఆ ఫ్లడ్‌లైట్లు ఎవరి కోసం వెలుగుతున్నట్టు?