మొగ్వాయ్ పదో ఆల్బమ్‌కు ప్రతిపదార్థ తాత్పర్యాలు

మూలం: ‘గ్లాస్గో వాద్య రాక్ బృందం మొగ్వాయ్ పదో స్టూడియో ఆల్బమ్ యాజ్ ద లవ్ కంటిన్యూస్, డేవ్ ఫ్రిడ్‌మన్ నిర్మాణంలో తయారై, 2021 ఫిబ్రవరి 19న విడుదలై, బ్రిటన్ చార్టులో ఒకటో స్థానం అందుకుంది.’

ఈ ఆల్బమ్ గురించి ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పమంటే దాదాపు ఇలాగే చెబుతారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఒక్కో మాటా ఆగి చూడవలసినదే. మూలం పొట్టిది, టీక పొడుగుది. వ్యాఖ్యానాలకు ఇది అలవాటైన సంగతే.

గ్లాస్గో... మొగ్వాయ్: స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో 1995లో స్టువర్ట్ బ్రెయిత్‌వెయిట్, డొమినిక్ ఐచిసన్, మార్టిన్ బుల్లక్ కలిసి పెట్టుకున్న బృందం ఇది. గిటార్, బేస్, డ్రమ్స్ వరసగా వాళ్లవి. ‘గ్రెమ్లిన్స్’ అనే 1984 నాటి సినిమాలోని బొచ్చు జీవి పేరును అప్పటికి తగిలించుకున్నారు, మంచిది దొరికితే మార్చుకుందామని. ఆ మార్చుకోవడం జరగనే లేదు. 1996లో మొదటి సింగిల్‌ను రాక్ యాక్షన్ అనే సొంత లేబుల్ మీద వేసుకున్నారు. పాతికేళ్ల తరవాత ఈ పదో ఆల్బమ్ వచ్చిందీ ఆ లేబుల్ మీదే. మధ్యలో కీబోర్డుతో బ్యారీ బర్న్స్ వచ్చి చేరాడు, గిటార్ వాయించే జాన్ కమింగ్స్ 2015లో తప్పుకున్నాడు. మిగిలిన నలుగురే ఈ ఆల్బమ్ చేసినవాళ్లు.

వాద్య రాక్: అసలు చిక్కంతా ఈ మాటలోనే ఉంది. వీణ మీద త్యాగరాజ కీర్తన వింటున్నప్పుడు మాట వినిపించకపోయినా సాహిత్యం తీగ కిందే నడుస్తుంటుంది. తెలిసిన శ్రోత లోలోపల పాడుకుంటూనే ఉంటాడు. పాశ్చాత్య గిటార్ బృందాల్లోనూ ఒక తరం అలాగే వాయించింది. ఇంగ్లండ్‌కు చెందిన షాడోస్ బృందం గాయకుడు క్లిఫ్ రిచర్డ్‌కు పక్కవాద్యంగా ఉంటూనే విడిగా వాద్య సంగీతమూ చేసింది. అందులో హ్యాంక్ మార్విన్ గిటార్ గాయకుడి స్థానంలో నిలబడి పాట పాడుతుంది. విన్నాక ఆ వరసను మనం కూనిరాగం తీయగలం.

మొగ్వాయ్ ఆ స్థానంలో సాధారణంగా ఎవరినీ నిలబెట్టరు. ఒక గిటార్ చిన్న వరసను పట్టుకుని తిప్పుతూ ఉంటుంది, బేస్ దాని కింద మెల్లగా జరుగుతుంది, డ్రమ్స్ ఆలస్యంగా అందుకుంటాయి. రాగం ఎక్కువ కదలదు, కదిలేది ధ్వని పరిమాణం. నిదానంగా మొదలైనది పొర మీద పొర పేర్చుకుని, ఒక దశలో డిస్టార్షన్ పెడల్ మీద కాలు పడి, గోడలా మీదికి వస్తుంది. విమర్శకులు దీన్ని పోస్ట్ రాక్ అన్నారు. పేరు ఏదైనా, ముందు నిలబడి మనకు అర్థం చెప్పే గొంతు ఇందులో లేదన్నదే గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

పదో: మొదటి ఆల్బమ్ ‘మొగ్వాయ్ యంగ్ టీమ్’ 1997లో వచ్చింది. దాని చివర ఉన్న ‘మొగ్వాయ్ ఫియర్ సేటన్’ పదహారు నిమిషాలు సాగుతుంది. ఇరవై ఏళ్ల వయసులో ఉన్నవాళ్లు నిశ్శబ్దానికీ హోరుకీ మధ్య దూరాన్ని ఎంత సాగదీయవచ్చో పరీక్షించిన రోజులవి. పదో ఆల్బమ్‌లో పదకొండు అంశాలున్నాయి. వాటిలో ఏదీ ఎనిమిది నిమిషాలు దాటదు, అంతా కలిపి గంట చిల్లర. ఓపిక తగ్గి కుదించారనుకుంటే పొరపాటు. హోరు వస్తుందని శ్రోతకు ముందే తెలుసు, వాళ్లకూ తెలుసు. కనుక దాన్ని ఆశ్చర్యంగా కాక లెక్కగా వాడతారు. ‘డ్రై ఫాంటసీ’లో సింథసైజర్ వెలుగులా పరుచుకుంటుంది, మనం ఎదురుచూసే పేలుడు రానే రాదు. ‘డ్రైవ్ ద నెయిల్’లో గిటార్ల బరువు మీద పడుతుంది. ‘సీలింగ్ గ్రానీ’ తొంభైల నాటి అమెరికన్ ఆల్టర్నేటివ్ రాక్‌కు దగ్గరగా ఉరకలేస్తుంది. ఎక్కడ పెంచాలో నేర్చుకోవడానికి వాళ్లకు ఒక ఆల్బమ్ చాలింది, ఎక్కడ ఊరుకోవాలో నేర్చుకోవడానికి తొమ్మిది పట్టాయి.

మొదటి ఆల్బమ్‌కూ పదోదానికీ మధ్య సినిమాలకూ, సీరియళ్లకూ చేసిన పని కూడా ఇందులో కనిపిస్తుంది. ఫుట్‌బాల్ ఆటగాడు జిదాన్ మీద 2006లో వచ్చిన చిత్రం, ‘లే రెవనాంట్’ అనే ఫ్రెంచి సీరియల్, అణుయుగం మీద ‘అటామిక్’ అనే డాక్యుమెంటరీ వంటివాటికి వాళ్లు సంగీతం ఇచ్చారు. తెర మీది దృశ్యానికి అడ్డుపడకుండా నిలబడటం అక్కడ అలవడిన గుణం.

డేవ్ ఫ్రిడ్‌మన్ నిర్మాణంలో: ఫ్రిడ్‌మన్ పాత పరిచయస్తుడే. 1999 నాటి ‘కమ్ ఆన్ డై యంగ్’కూ, 2001 నాటి ‘రాక్ యాక్షన్’కూ, 2017 నాటి ‘ఎవ్రీ కంట్రీస్ సన్’కూ ఆయనే నిర్మాత. ఈసారీ అమెరికా వెళ్లి ఆయన దగ్గర రికార్డు చేద్దామనుకున్నారు. కోవిడ్ వచ్చి దారులు మూసింది. బృందం ఇంగ్లండ్‌లోని ఒక స్టూడియోలో వాయిస్తుంటే, ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో కూర్చుని జూమ్‌లో విని సూచనలిచ్చాడు. అతిథులూ దూరం నుంచే వచ్చారు. ‘మిడ్‌నైట్ ఫ్లిట్’కు అటికస్ రాస్ తంత్రీవాద్యాల కూర్పు అందించాడు, ‘ప్యాట్ స్టెయిన్స్’లో కొలిన్ స్టెట్సన్ శాక్సఫోన్ ఊదాడు. సముద్రం అడ్డున్నా పని చెడకపోవడానికి సాంకేతికత ఒక్కటే కారణమంటే నమ్మబుద్ధి కాదు. ఒకరి చెవి ఒకరికి ఏళ్లుగా తెలిసి ఉండటమే పెద్ద కారణం.

యాజ్ ద లవ్ కంటిన్యూస్: ఈ పేరుతో ఆల్బమ్‌లో పాట లేదు. ఉన్న పేర్లయినా దారి చూపుతాయనుకుంటే అదీ లేదు. మొదటి అంశం పేరు ‘టు ద బిన్ మై ఫ్రెండ్, టునైట్ వి వెకేట్ అర్త్’. చెత్తబుట్టలోకి పదవోయ్, ఈ రాత్రికి భూమి ఖాళీ చేస్తున్నాం అన్నట్టు. మొదట్లో వినిపించే ఈ మాట బ్లాంక్ మాస్ పేరుతో సంగీతం చేసే బెంజమిన్ జాన్ పవర్ నిద్రలో గొణిగినది. ఇలాంటి పేర్లు వాళ్లకు మొదటి నుంచీ సరదా. మాటలేని సంగీతానికి గంభీరమైన పేరు పెడితే శ్రోత ఆ పేరునే అర్థమనుకుని పట్టుకు వేలాడతాడు. వెటకారం పేరు ఆ వీలు ఇవ్వదు.

‘రిచీ శాక్రమెంటో’ కూడా పేరుకు హాస్యమే. సంగీతకారుడు ర్యూయిచి సకమోటో పేరును ఒక స్నేహితుడు తప్పుగా పలికితే పుట్టింది. అయితే ఇందులో బ్రెయిత్‌వెయిట్ గొంతు విప్పి స్పష్టంగా పాడతాడు. 2019లో మరణించిన అమెరికన్ కవి, సిల్వర్ జ్యూస్ గాయకుడు డేవిడ్ బెర్మన్ ఒకప్పుడు స్పోర్ట్స్ కారు మీదికి పార విసిరిన సంగతిని ఆయన మిత్రుడు బాబ్ నస్టనోవిచ్ చెబితే, అక్కడి నుంచి పాట మొదలైంది. పోయిన సంగీత మిత్రులందరికీ ఇది అంకితం. మరో పాటలో గొంతును యంత్రస్వరంగా మార్చే వోకోడర్‌లో వేసి మాట పోల్చుకోలేకుండా చేసినవాళ్లు, ఇక్కడ మాత్రం దాచలేదు. గాయకుడి చోటు ఇన్నేళ్లు చాలావరకు ఖాళీగా ఉంచారు గనకే, అక్కడికి ఒక మనిషి వచ్చి నిలబడితే అంత బరువుంది.

ఒకటో స్థానం: బ్రిటన్‌లో వాద్య బృందం చార్టు పైకొసకు ఎక్కడం ఇదే మొదలేం కాదు. షాడోస్ తొలి ఆల్బమ్ 1961లోనే ఆ స్థానంలో ఉంది. మొగ్వాయ్‌కు మాత్రం ఇదే తొలిసారి. అంతకు ముందరి ఆల్బమ్ ఆరో స్థానం దాకానే వెళ్లింది. రాపర్ గెట్స్ ఆల్బమ్‌తో పోటీ పడిన ఆ వారం అభిమానులు, తోటి కళాకారులు కొనమని సోషల్ మీడియాలో ఊరూరా చాటారు. ఆ ఏడాది మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాలో చోటు, స్కాటిష్ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం కూడా వచ్చాయి. కచేరీలన్నీ ఆగిపోయిన కాలంలో, చెవులు చిల్లులు పడే కచేరీలకు పేరుపడిన బృందానికి ఇది దక్కింది. ఎదురుగా నిలబడి వినలేనివాళ్లు రికార్డు కొని తమ ఉనికి చెప్పారు.

తాత్పర్యం: ఈ ఆల్బమ్‌లో కొత్త ప్రయోగం వెతికితే నిరాశే మిగులుతుంది. శాక్సఫోన్, తంత్రులు, సింథసైజర్ అన్నీ అంతకు ముందు రాక్‌కు తెలిసినవే. ఇందులోని సంపద వేరు. గొంతు ఉండాల్సిన చోటును ఖాళీగా వదలడం అనే ఒక్క పద్ధతిని పాతికేళ్లు విడవకుండా పట్టుకుంటే, ఆ ఖాళీ ఎంత పనికొస్తుందో ఇది చూపించింది. వయసు మళ్లిన రాక్ బృందాలు తమ పాత పాటలే పాడుకుంటూ బతకడం మామూలు. మొగ్వాయ్ పాత పద్ధతితోనే కొత్త పాటలు చేసింది. 2025లో ‘ద బ్యాడ్ ఫైర్’ పేరుతో పదకొండోది కూడా వచ్చింది కాబట్టి, ఈ పదోదాన్ని జీవిత సాఫల్య పురస్కారంలా వినక్కర్లేదు. పనిలో ఉన్నవాళ్ల పనిగా వింటే చాలు.