పద్యనాటకం నుంచి టాకీకి: పాత్రధారుల ఎంపికలో వచ్చిన మార్పులు

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• తెలుగు పద్యనాటకాలు సినిమాలుగా మారినప్పుడు నటీనటులను ఏ ప్రాతిపదికన ఎంపిక చేశారో వివరించగలుగుతారు.
• 1936లో వచ్చిన రెండు ద్రౌపది చిత్రాల ప్రాముఖ్యాన్ని చర్చించగలుగుతారు.
• నేపథ్యగానం రంగస్థల నటుల బతుకును ఎలా మార్చిందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె సముద్రతీరాన ఉన్న మత్స్యకార గ్రామం. అటువంటి ఊళ్లలోని పెద్దవారిని కదిపితే పౌరాణిక నాటకాల గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. హరిశ్చంద్రుడంటే కొందరికి తెర మీద చూసిన ఎన్.టి. రామారావు గుర్తుకు వస్తారు. మరికొందరికి రాత్రంతా మేలుకొని విన్న ఒక పద్యనటుడి గొంతు గుర్తుకు వస్తుంది. మొదటిది ముఖాన్ని పట్టుకున్న జ్ఞాపకం, రెండవది గొంతును పట్టుకున్న జ్ఞాపకం. ఈ రెండూ ఎప్పుడు, ఎందుకు వేరుపడ్డాయన్నదే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న.

పాత్రధారుల ఎంపికను సాధారణంగా సినిమా కబుర్ల కింద జమకడతాం. చరిత్ర విద్యార్థికి అది ఒక ఆధారం. ఒక పాత్రకు ఎవరిని తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు అని పరిశీలిస్తే ఆనాటి సాంకేతిక పరిస్థితి, ప్రేక్షకుల అభిరుచి, స్త్రీల స్థానం, పెట్టుబడి పెట్టినవారి లెక్కలు ఒకేచోట కనిపిస్తాయి.

2. రంగస్థలం మీద పాత్రల పంపకం

తెలుగు నాటకం 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో వేగంగా పెరిగింది. కడప ప్రాంతపు సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’ ప్రదర్శనతో సురభి నాటక కుటుంబాల చరిత్ర మొదలైంది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాలు రాసి ఆడించారు. నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం వేదం వేంకటరాయశాస్త్రి నాటకాలను ప్రదర్శించింది. 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’లో శాస్త్రి ఏ పాత్రకు తగిన భాషను ఆ పాత్రకే పెట్టారు. పాత్రకూ మాటకూ పొంతన ఉండాలన్న ఆలోచన నెల్లూరు రంగస్థలానికి అప్పటికే పరిచయమన్నమాట.

అయితే జనాదరణ పొందిన పద్యనాటకంలో నటుడికి ఉండవలసిన మొదటి అర్హత గాత్రం. మైకు లేని రోజుల్లో చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా పద్యం వినిపించాలి. రాగం పండితే ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేసేవారు. నటుడు అదే పద్యాన్ని మళ్లీ పాడేవాడు. నటుడి వయసు, ఎత్తు, ముఖవర్చస్సు ఆ తరువాతి విషయాలు.

కాంట్రాక్టు నాటకాలు వచ్చాక ఈ ధోరణి మరింత ముదిరింది. వేర్వేరు ఊళ్లలోని పేరున్న నటులను కాంట్రాక్టరు ఒక రాత్రికి ఒకచోట చేర్చేవాడు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడేటప్పుడు ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండేవారు. ఒక అంకంలో ఒకరు, తరువాతి అంకంలో మరొకరు వచ్చి పద్యాలు పాడేవారు. మనిషి మారినా కిరీటం, నెమలిపింఛం ఉంటే చాలు, ప్రేక్షకులు కృష్ణుడిగానే స్వీకరించేవారు. ఈ అలవాటును గుర్తుపెట్టుకోండి. తరువాతి చర్చకు ఇది అవసరం.

3. సమాజాలే తెరకెక్కిన దశ

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి, నిర్మాత ఆర్దేషిర్ ఇరానీ. చిత్రీకరణ బొంబాయిలో జరిగింది. ధర్మవరం వారి నాటకమే దీనికి ఆధారం. సురభి వారిని పిలిపించి వారి నాటకాన్నే దాదాపుగా కెమెరా ముందు ఆడించారు. సురభి కమలాబాయి లీలావతిగా, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడిగా నటించారు.

ఇక్కడ నిర్మాత లెక్క సులభంగా అర్థమవుతుంది. నాటక సమాజానికి పాత్రలు కంఠస్థంగా వచ్చు. రిహార్సల్ ఖర్చు తగ్గుతుంది. అప్పటికి నేపథ్యగానం లేదు. కెమెరా తిరుగుతుండగానే నటుడు పాడాలి, అదే సమయంలో శబ్దం ముద్రితం కావాలి. ఇటువంటి పరిస్థితిలో పాడలేని నటుడు ఎంత అందగాడైనా ఉపయోగం లేదు.

తరువాతి చిత్రాలు కూడా ఇదే దారిలో నడిచాయి. 1933లో సి. పుల్లయ్య కలకత్తాలో తీసిన ‘సావిత్రి’లో వేమూరి గగ్గయ్య యముడు, రామతిలకం సావిత్రి. 1934 ‘లవకుశ’లో పారుపల్లి సుబ్బారావు రాముడు, సీనియర్ శ్రీరంజని సీత. 1935 ‘హరిశ్చంద్ర’లో అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, కన్నాంబ చంద్రమతి. వీరందరూ రంగస్థలం నుంచి వచ్చినవారే.

4. 1936: రెండు ద్రౌపది చిత్రాలు

1936లో ఒకే కథతో రెండు సినిమాలు పోటీపడ్డాయి. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ చిత్రానికి హెచ్.వి. బాబు దర్శకుడు. అందులో కన్నాంబ ద్రౌపది, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు కృష్ణుడు, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. రెండవది ‘ద్రౌపదీ మానసంరక్షణం’. అందులో బళ్ళారి రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు.

రాఘవ 1880లో తాడిపత్రిలో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా ఉంటూ నాటకాన్ని సాధన చేసినవారు. ఆనాటి తెలుగు రంగస్థలం మీద ఆయనకు మించిన పేరు లేదని చెప్పవచ్చు. కీర్తి ప్రతిష్ఠలే కొలమానమైతే రెండవ చిత్రమే గెలవాలి. విజయం మాత్రం మొదటి చిత్రానికి దక్కింది.

దీనికి కారణమేమిటి? ఒక సినిమా జయాపజయాలను ఒక్క నటుడికి ఆపాదించడం సరికాదు. నిర్మాణ విలువలు, పంపిణీ, దర్శకత్వం అన్నీ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. అయినా పాత్రధారుల కోణం నుంచి ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. రాఘవ బలం భావప్రకటనలో, మాట విరుపులో ఉంది. రాగాలాపనను సాగదీయడం ఆయనకు నచ్చేది కాదు. 1936 నాటి ప్రేక్షకుడు పౌరాణిక చిత్రానికి వచ్చింది పద్యాలు వినడానికి. సి.ఎస్.ఆర్., కన్నాంబల దగ్గర అతడు కోరిన గాత్రం, వాచకం దొరికాయి.

రాఘవకు ఆయన తీరుకు తగిన పాత్ర మరో మూడేళ్లకు దొరికింది. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ 1939లో వచ్చిన సాంఘిక చిత్రం. జమీందారీ వ్యవస్థను ప్రశ్నించిన ఆ చిత్రంలో రైతు పాత్రకు రాగం కన్నా మాట ముఖ్యం. రంగస్థలం మీది ఖ్యాతి దానికదే తెరకు అర్హత కాదనీ, నటుడి పద్ధతికీ చిత్రం తీరుకూ పొత్తు కుదరాలనీ ఈ రెండు సందర్భాలూ చెబుతున్నాయి.

5. స్త్రీ పాత్రలు ఎవరికి దక్కాయి?

నాటకం సినిమాగా మారినప్పుడు అందరికన్నా ఎక్కువగా నష్టపోయినవారు స్త్రీ పాత్రధారులైన పురుషులు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా రంగస్థలాన్ని ఏలారు. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించింది. దూరం నుంచి చూసే నాటకంలో నడక, చూపు, చీరకట్టు, గొంతు కలిసి స్త్రీని సృష్టించేవి. కెమెరా దగ్గరకు రాగానే ఆ భ్రమ నిలవదు. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాగా వచ్చినప్పుడు సత్యభామ పాత్రను ఋష్యేంద్రమణి ధరించారు.

మరాఠీలోనూ ఇదే జరిగింది. స్త్రీ పాత్రలతో మహారాష్ట్రను మురిపించిన బాల గంధర్వ 1935లో శాంతారాం ‘ధర్మాత్మ’లో పురుష పాత్ర ధరించారు. తరువాత తెర మీద మీరాబాయిగా కనిపించినప్పుడు రంగస్థలం మీది ఆదరణ దక్కలేదు.

ఈ మార్పు మరోవైపు స్త్రీలకు తలుపు తెరిచింది. సురభి వంటి కుటుంబ సమాజాలలో స్త్రీలే స్త్రీ పాత్రలు వేసేవారు కాబట్టి తొలి టాకీకి నాయిక అక్కడే దొరికింది. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని రాఘవ కూడా గట్టిగా వాదించారు. 1939లో కాళ్ళకూరి నారాయణరావు నాటకం ‘వరవిక్రయం’ను సి. పుల్లయ్య సినిమాగా తీసినప్పుడు కాళింది పాత్ర భానుమతికి దక్కింది. అది ఆమె మొదటి చిత్రం. నాటకానుభవం లేకపోయినా పాటలో శిక్షణ ఉన్న బాలిక ఆమె. అదే చిత్రంలో ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంత కవి లోభియైన సింగరాజు లింగరాజుగా నటించారు. పాత తరం, కొత్త తరం ఒకే చిత్రంలో కలిసిన సందర్భమిది.

6. గొంతూ రూపమూ వేరుపడటం

1940వ దశకంలో నేపథ్యగానం స్థిరపడింది. ఘంటసాల వేంకటేశ్వరరావు 1945లో ‘స్వర్గసీమ’తో నేపథ్య గాయకుడిగా ప్రవేశించారు. దీనితో పాత్రధారుల ఎంపిక సూత్రమే మారిపోయింది. పాత్రకు తగిన రూపాన్ని ఒకచోట, గొంతును మరొకచోట వెతుక్కునే వీలు కలిగింది. 1963 ‘లవకుశ’లో ఎన్.టి. రామారావు రాముడు కాగా ఆయనకు గొంతు ఘంటసాలది. 1967 ‘శ్రీకృష్ణావతారం’లో తిరుపతి వేంకట కవుల పద్యాలు కూడా ఇదే పద్ధతిలో వినిపించాయి. 1966 ‘శ్రీకృష్ణ తులాభారం’లో జమున సత్యభామగా కనిపించగా ఆమె పాటలకు గొంతు పి. సుశీలది. రంగస్థలం మీది తులాభారంలో స్థానం తానే రాసుకొని పాడిన ప్రసిద్ధమైన పాట ఆ చిత్రంలో సుశీల గొంతున తెరకెక్కింది. ఒకప్పుడు ఒకే వ్యక్తి రాసి, పాడి, నటించినది ఇప్పుడు ముగ్గురి పని అయింది.

మినహాయింపులు లేకపోలేదు. 1956లో వచ్చిన ‘చింతామణి’లో భానుమతి, 1965 ‘సత్య హరిశ్చంద్ర’లో చంద్రమతి పాత్రధారిణి ఎస్. వరలక్ష్మి తమ పాటలు తామే పాడుకున్నారు.

రెండవ విభాగంలో చెప్పిన ఇద్దరు కృష్ణుల సంగతిని ఇప్పుడు జ్ఞాపకం చేసుకోండి. రంగస్థలం పాత్రను అంకాలవారీగా నటుల మధ్య పంచింది. సినిమా అదే పాత్రను ముఖం ఒకరికి, గొంతు ఒకరికి అని పంచింది. పంపకం రెండుచోట్లా ఉంది. తేడా ప్రతిఫలంలో ఉంది. నాటకంలో ప్రతి కృష్ణుడూ ప్రేక్షకుల ఎదుట నిలబడి చప్పట్లు అందుకున్నాడు. సినిమాలో గాయకుడు తెర వెనకే ఉండిపోయాడు. గాత్రమే ఆస్తిగా ఉన్న పద్యనటుడికైతే నాయక పాత్ర దూరమైంది. సి.ఎస్.ఆర్. వంటివారు నిలదొక్కుకున్నది దారి మార్చుకోవడం వల్ల. 1936లో కృష్ణుడైన ఆయనే 1957 ‘మాయాబజార్’లో శకుని.

7. ప్రపంచ సందర్భం

ఈ సమస్య తెలుగువారికే పరిమితం కాదు. బ్రాడ్‌వే సంగీత నాటకం ‘మై ఫెయిర్ లేడీ’లో నాయిక ఎలైజాగా పేరు తెచ్చుకున్న నటి జూలీ ఆండ్రూస్. 1964లో సినిమా తీసిన జాక్ వార్నర్ ఆమెను కాదని అప్పటికే సినీతార అయిన ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకున్నారు. హెప్‌బర్న్ పాటలలో చాలా భాగం మార్నీ నిక్సన్ పాడారు. నాటకంలోని నాయకుడు రెక్స్ హారిసన్ మాత్రం సినిమాలోనూ కొనసాగి ఆస్కార్ పొందారు. ఆ సంవత్సరపు ఉత్తమ నటి ఆస్కార్ ‘మేరీ పాపిన్స్’ చిత్రానికి ఆండ్రూస్‌కు వచ్చింది. పెట్టుబడి పెరిగేకొద్దీ నిర్మాత తెలిసిన ముఖం వైపు మొగ్గుతాడనడానికి మద్రాసులోనూ హాలీవుడ్‌లోనూ ఉదాహరణలు దొరుకుతాయి.

8. సారాంశం

తొలి టాకీలు నాటక సమాజాల గాత్రం మీద ఆధారపడ్డాయి. 1936 పోటీ రంగస్థల కీర్తి ఒక్కటే చాలదని చూపింది. కెమెరా పురుషుల చేతిలోని స్త్రీ పాత్రలను స్త్రీలకు అప్పగించింది. నేపథ్యగానం గొంతును రూపం నుంచి విడదీసి తారల యుగానికి దారి తీసింది. సినిమా ఒక ప్రదర్శనను భద్రపరచింది. నాటకం మాత్రం చూసినవారి జ్ఞాపకంలోనే మిగిలింది. అందువల్ల ఈ చరిత్రకు ఫిల్ము రీళ్లతో పాటు ఊళ్లలోని పెద్దల మాట కూడా ఆధారమే. ఆ మాటను నమోదు చేయడానికి ఇంకా ఎక్కువ కాలం మిగిలి లేదు.

9. అభ్యాసం

మీ ఊరిలో పౌరాణిక నాటకాలు చూసిన ఇద్దరు పెద్దవారితో మాట్లాడండి. వారు చూసిన నాటకం, పాత్రధారులు, తిరునాళ్ల సందర్భం, ఖర్చు భరించినవారు, ఆ కథను సినిమాగా చూసినప్పుడు కలిగిన అభిప్రాయం రాసుకోండి. ఇద్దరి జ్ఞాపకాలలో తేడాలుంటే వాటినీ అలాగే నమోదు చేయండి.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ. పది వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. తొలి టాకీ నిర్మాతలు నాటక సమాజాలను ఎందుకు ఆశ్రయించారు?
2. స్త్రీ పాత్రధారులైన పురుషులు తెర మీద నిలవలేకపోవడానికి కారణాలేవి?

ఆ. ముప్పై వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 1936 నాటి రెండు ద్రౌపది చిత్రాల పాత్రధారులను పోల్చి విశ్లేషించండి.
2. నేపథ్యగానం పాత్రధారుల ఎంపిక మీద చూపిన ప్రభావాన్ని ఉదాహరణలతో చర్చించండి.