సీమ చదువుల తొలినాళ్లు

సీమకు పోయి చదువుకొని వచ్చినవానికి మన సమాజమున దక్కిన గౌరవము ఎంతటిదో పెద్దలెరుగుదురు. కాని ఆ గౌరవమునకు వెనుక ఆ యువకుడు పరాయి ఊరి అద్దెగదిలో ఏమి తిని, ఏ చలికి వణకి, ఎవరి సాయమున నిలదొక్కుకొనెనో తెలుపు చరిత్ర మనలో చాలవరకు వ్రాయబడక యున్నది. పట్టములు గోడలకెక్కినవి; తొలి చలికాలపు కథ మాత్రము ఇంటివారి జ్ఞాపకములతోడనే అంతరించుచున్నది.

ఆ ప్రయాణమునకు విద్యాతృష్ణ యొక్కటియే కారణము కాదు. ఇండియన్ సివిల్ సర్వీసు కొలువులకు 1855లోనే పోటీపరీక్ష ఏర్పడినను, దానిని లండను నగరముననే జరుపుచుండిరి. ఈ దేశమున సైతము ఆ పరీక్ష జరుగుటకు 1922 వరకు వేచియుండవలసివచ్చెను. స్వదేశమున కలెక్టరు కాగోరినవాడు ముందు సముద్రము దాటవలెనన్నమాట. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు ఆ పరీక్షయందు కృతార్థుడైన తొలి భారతీయుడయ్యెను. బారిష్టరు పట్టము కోరినవారు లండనుకో డబ్లినుకో పోయిరి, వైద్యము కోరినవారు పెక్కురు ఎడింబరోకు పోయిరి. పొలము తాకట్టు పెట్టి పంపిన తండ్రులకును, విద్యార్థివేతనముతో వెళ్లిన బిడ్డలకును దారి ఒక్కటే.

శాస్త్రము సముద్రయానమును నిషేధించుచున్నదని పండితులు వాదించుచున్న దినములవి. 1888లో మోహనదాస గాంధీ బొంబాయినుండి బయలుదేరబోవుచుండగా ఆయన కులమువారు సభ కూడి, పంతొమ్మిదేండ్లయినను నిండని ఆ బాలుని వెలివేసి, ఆయనకు సాయపడినవారును, రేవువరకు సాగనంపబోయినవారును రూపాయి నాలుగణాలు జరిమానా చెల్లింపవలెనని శాసించిరి. మూడేండ్లకు బారిష్టరై ఆయన ఓడ దిగునప్పటికి తల్లి లేదు. పరదేశమున ఒంటరిగా ఉన్న పిల్లవాడు తట్టుకొనజాలడని ఆ వార్తను అన్నగారు అంతవరకు దాచియుంచిరి. తరువాత ఆ అన్నగారే తమ్ముని నాసికమునకు తోడ్కొనిపోయి గోదావరిలో స్నానము చేయించి, రాజకోటలో కులమువారికి విందు పెట్టి, కొందరినైనను సమాధానపరచిరి. రాజమహేంద్రవరమున మనము పుణ్యమునకై మునుగు నదిలోనే, ఎగువన, సీమ చదువునకు ప్రాయశ్చిత్తము జరిగినది. చదువుకొన్నందుకు శిక్ష విధించిన ఆ కట్టుబాటు అన్యాయమైనదనియే నేను తలచుచున్నాను; అన్నగారివంటి అండ లేక ఇల్లు కదలలేకపోయినవారి సంఖ్యను ఏ చరిత్రకారుడు లెక్కింపగలడు?

ఓడ దిగిన తరువాతి కష్టములు వేరు. అప్పటికే అచ్చట చదువుచుండిన డాక్టరు ప్రాణజీవన మెహతా హోటలులో గాంధీని చూడవచ్చినప్పుడు, ఆ క్రొత్తవాడు ఆయన టోపీని చేతబట్టి దాని నూగును ఎదురుదిక్కునకు నిమిరెను. మెహతాగారు వారించి, పరుల వస్తువులను తాకరాదనియు, తొలిపరిచయముననే మన ఊళ్లలో అడిగినట్లు ప్రశ్నలు అడుగరాదనియు, బిగ్గరగా మాటాడరాదనియు బోధించి, హోటలు విడిచి ఒక కుటుంబముతో వసింపుమని సలహా చెప్పిరి. ఏ కళాశాలయు చెప్పని తొలిపాఠమిది. దానిని చెప్పినవాడు ముందు వచ్చిన సాటి భారతీయుడు.

మాంసము ముట్టనని తల్లికి మాట యిచ్చిన ఆ యువకునకు తొలి బసలలో పాలకూర, రొట్టె, జాము తప్ప వేరొకటి దొరకలేదు. రెండు మూడు ముక్కలకు మించి అడుగుటకు సిగ్గు. ఆకలి మాత్రము తీరదు. కాలినడకను వీథులు తిరిగి తిరిగి, తుదకు ఫారింగ్డన్ వీథిలో ఒక శాకాహారశాలను కనుగొన్న దినముననే తాను ఇంగ్లండునకు వచ్చిన పిదప తొలిసారి కడుపునిండ తిన్నట్లు ఆయనయే చెప్పుకొనెను. ఇంతకును బారిష్టరు చదువులో భోజనమే ఒక నియమము: పండ్రెండు టర్ములు గడుపవలెను, ఒక్కొక్క టర్మున జరుగు ఇరువదినాలుగు విందులలో ఆరింటికైనను హాజరు కావలెను. నలుగురు కూర్చున్న బల్లకు రెండు సీసాల ద్రాక్షసారాయము ఇచ్చెడివారు. త్రాగని గాంధీ తమ జట్టున ఉండవలెనని తక్కినవారు పోటీపడుచుండిరి; ఆ విందులలో ఆయన తినదగినవి రొట్టె, ఉడికిన బంగాళాదుంప, క్యాబేజీ మాత్రమే.

మన మద్రాసు రాజధానినుండి వెళ్లిన శ్రీనివాస రామానుజన్ కథ ఇంతకంటె గుండెను కదలించును. మద్రాసు విశ్వవిద్యాలయము ఏడాదికి 250 పౌనుల వేతనమీయగా ఆయన 1914 ఏప్రిలులో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు చేరెను. హార్డీవంటి గురువు దొరకెను; గణితమున కొరత లేదు. కాని శీతకాలమున ఒకనాడు, అదే ఊరిలో కింగ్స్ కళాశాలయందు చదువుచుండిన ప్రశాంతచంద్ర మహలనోబిస్, రాత్రులు వెచ్చగా నున్నదా యని అడుగగా, పై కోటు తొడిగికొని శాలువ చుట్టుకొని పండుకొనుచున్నను చలి తాళలేకున్నానని రామానుజన్ చెప్పెను. మహలనోబిస్ పడకగదిలోనికి పోయి చూడగా కంబళ్లు కావలసినన్ని యున్నవి. అవి పరుపు క్రిందికి బిగించి దోపబడి, పైన దుప్పటి పరచబడి యుండెను. ఆ దుప్పటిని, కంబళ్లను తొలగించి వాని నడుమ దూరి పండుకొనవలెనని ఆయనకు ఎవరును చెప్పలేదు. ప్రపంచగణితజ్ఞులను విస్మయపరచిన మేధ ఒక పడకను పరచు పద్ధతి తెలియక చలికి వణకినది. తన గదిలోనే స్వయముగా వండుకొని తిను ఆ నిష్ఠాపరునకు యుద్ధకాలమున కూరగాయలు దొరకుట కష్టమయ్యెను. 1917లో ఆయన జబ్బుపడెను. కంబళి మడత విప్పి చూపిన ఆ సాటి విద్యార్థి చేసినది చిన్నపనియని నేననుకొనను.

ఇట్టి సహాయమే క్రమముగా సంఘరూపము దాల్చెను. ఎడింబరోలో 1883లోను, కేంబ్రిడ్జిలో మజ్లిసు అను పేర 1891లోను, ఆక్స్‌ఫర్డులో 1896లోను భారతీయ విద్యార్థులు తమ సంఘములను స్థాపించుకొనిరి. శ్యామజీ కృష్ణవర్మ 1905లో లండనులోని హైగేటులో తెరచిన ఇండియా హౌసు బసయు, రాజకీయపాఠశాలయు నయ్యెను. 1909లో మదన్‌లాల్ ధింగ్రా అను విద్యార్థి ఆంగ్లాధికారి కర్జన్ వైలీని కాల్చిచంపిన పిదప ప్రభుత్వమునకు విద్యార్థియన్ననే అనుమానము; మరుసటి యేడు క్రామ్‌వెల్ రోడ్డు 21వ నంబరు ఇంట విద్యార్థులకు సలహాలీయు కార్యాలయమును నెలకొల్పినను, ఆదరించు చేయియు, నిఘా వేయు కన్నును ఒకే ఇంట నున్నవని శంకించి పలువురు దానికి దూరముగా నుండిరి. ఆ శంకను నేను తప్పుపట్టలేను. తరువాత వై.ఎం.సి.ఎ. పక్షమున కె.టి. పాల్ పూనికతో ఏర్పడి గోవరు వీథిలో స్థిరపడిన విద్యార్థివసతి యందు, అన్నము, కూర, సాటి దేశీయుల సంభాషణ, మూడును దొరకెను; అందుచేతనే అది జనాదరము పొందెను.

ఈ చరిత్రలో తెలుగునాటి భాగము చిన్నది కాదు. హైదరాబాదు సరోజిని (తరువాతి సరోజినీ నాయుడు) నిజాము ప్రభువిచ్చిన వేతనముతో 1895లో పదునారేండ్ల ప్రాయమున లండను కింగ్స్ కళాశాలకును, తరువాత కేంబ్రిడ్జిలోని గర్టనుకును వెళ్లెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జి సెయింట్ జాన్సు కళాశాలలో చదివి, అచ్చటి యూనియనునకు ఉపాధ్యక్షులైరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు 1926లో తొలి ఉపకులపతియైనవారు వారే. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో ఎం.ఏ. చదివి, ఆనందకుమారస్వామితో కలిసి అభినయదర్పణమును ఆంగ్లీకరించగా 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించెను. 1913లో డబ్లినునకు న్యాయశాస్త్రము చదువబోయిన వరాహగిరి వెంకటగిరిగారు, ఐర్లండు స్వాతంత్ర్యోద్యమము రగులుకొనుచుండగా ఆ నగరముననే యుండి, 1916 తిరుగుబాటు పిదప ఆ దేశము విడువవలసివచ్చెను. మొక్కపాటివారి నవలలోని పార్వతీశము ఎడింబరో ప్రయాణమునకు మనము కడుపుబ్బ నవ్వితిమి. ఆ నవ్వు క్రింద, క్రొత్తచోట ఏమి చేసిన తప్పగునోయను భయము నిజమైనదే. అదే ఎడింబరోలో 1927లో నాట్యశాలలు, భోజనశాలలు కొన్ని, వర్ణభేదమును పాటించి, భారతీయులను రానీయకుండగా మన విద్యార్థులు బహిరంగముగా ప్రతిఘటించిరి.

పేరుగాంచినవారి కథలు ఇట్లు మిగిలినవి. పేరు లేనివారి కథలు మాత్రము వారు ఇంటికి వ్రాసిన జాబులలో నున్నవి: గది అద్దె ఎంత, బియ్యము ఎక్కడ దొరకినది, ఆవకాయ జాడీ పగులక చేరెనా, తొలిమంచు ఎట్లున్నది అను సంగతులకు వానికంటె మేలైన ఆధారము లేదు. మీ తాతగారో పెదనాన్నగారో సీమకు పోయి చదివినవారైనచో, వారి జాబులు, లెక్కపుస్తకములు, ఓడ చీట్లు పాతకాగితములవానికి వేయకుడు. ప్రతులు తీయించి, వేటపాలెము సారస్వత నికేతనమువంటి గ్రంథాలయమునకు అప్పగింపుడు.