చివరి ర్యాంకుకి మొదటి సీటు

కాలిఫోర్నియా శాన్ హోసేలో మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన ఉంటాడు. ఆయన గరాజ్ గోడకి శాన్ హోసే ఎర్త్‌క్వేక్స్ సాకర్ (మన ఫుట్‌బాల్) జట్టు మఫ్లర్లు రెండు మేకులకి వేలాడుతుంటాయి. ఒకదాని మీద 2001 అని, రెండోదాని మీద 2003 అని ఉంటుంది. ఆ జట్టు అమెరికా లీగు కప్పు గెలిచిన ఏళ్ళవి. ఆ రెండు కప్పులకీ ముఖ్య కారకుడైన కుర్రాడి బొమ్మ మాత్రం గోడ మీద ఎక్కడా కనపడదు. ఎందుకని అడిగితే, "వాడు మావాడెప్పుడయ్యాడు? ఎరువు తెచ్చుకున్నాం" అన్నాడు. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నాకు ఇది వింతగా తోచింది. ఎరువు సొమ్ము బరువు చేటంటారు మనవాళ్ళు. వీళ్ళు ఆ ఎరువుతోనే ఏకంగా ఛాంపియన్లయ్యారు.

ఆ కుర్రాడి పేరు ల్యాండన్ డోనవన్. కాలిఫోర్నియాలోనే రెడ్‌లాండ్స్‌లో పెరిగాడు. 1999లో న్యూజిలాండ్‌లో జరిగిన 17 ఏళ్ళలోపువాళ్ళ ప్రపంచ పోటీల్లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ ఏడాదే జర్మనీలోని బేయర్ లెవర్‌కూసెన్ క్లబ్బు అతన్ని ఎగరేసుకుపోయింది. అక్కడ పెద్ద జట్టులోకి పిలుపు రాలేదు, ఇంటి బెంగ మాత్రం వచ్చింది. దాంతో 2001లో అతన్ని లోన్ మీద అమెరికా పంపారు. ఒప్పందం జర్మనీలో, కాళ్ళు శాన్ హోసేలో అన్నమాట. అంతకుముందు ఏడాది లీగులో అట్టడుగున పడి ఉన్న శాన్ హోసే ఆ ఏడాది ఫైనల్‌కి వెళ్ళింది. లాస్ ఏంజెలిస్ గెలాక్సీ ముందు గోల్ కొడితే, పంతొమ్మిదేళ్ళ ఈ కుర్రాడు సమం చేశాడు. అదనపు సమయంలో సహచరుడు డి రొసారియో కొట్టిన గోల్‌తో కప్పు వచ్చింది.

2003 ప్లేఆఫ్ గురించి మా పెద్దాయన నోటే వినాలి. మొదటి మ్యాచ్‌లో గెలాక్సీ చేతిలో 2-0తో ఓటమి. రెండోది ఇక్కడే, యూనివర్సిటీ వాళ్ళ స్పార్టన్ స్టేడియంలో. ఆట మొదలైన కాసేపటికే మరో రెండు గోల్స్ పడ్డాయి. రెండు మ్యాచ్‌లూ కలిపి లెక్క 4-0. పక్క వరసలో జనం లేచి కారు తాళాలు వెతుక్కుంటున్నారట. అక్కణ్ణుంచి శాన్ హోసే వరసగా ఐదు కొట్టింది, ఐదోది అదనపు సమయంలో. ఈయన పాప్‌కార్న్ డబ్బా ఎవరి నెత్తిన బోర్లించాడో ఇప్పటికీ తెలీదట.

ఇంతకీ విదేశం నుంచి తిరిగొచ్చిన ఆటగాణ్ణి ఏ జట్టుకివ్వాలో ఎవరు తేల్చేవారు? ఇక్కడే నాకు ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తొచ్చింది. (ఇప్పుడు పేరు మారిందట, మా తరానికి అది ఎంసెట్టే.) మన దగ్గర మొదటి ర్యాంకువాడు ముందు వెళ్ళి, నచ్చిన కాలేజీ కోరుకుంటాడు. ఇక్కడి సాకర్ లీగులో అంతా తిరగేసి చేసేవారు. మన లెక్కలో చెప్పాలంటే, రాష్ట్రంలో పాస్ శాతం అన్నిటికంటే తక్కువున్న కాలేజీని ముందు పిలిచి, "నీకే ర్యాంకరు కావాలో తీసుకో" అన్నట్టు. కుర్రాడికి వెబ్ ఆప్షన్లేమీ ఉండవు. ఒకణ్ణి తీసుకున్న కాలేజీ వరసలో చివరికి పోతుంది. ఇంకా విడ్డూరం, ఆ కాలేజీ తన వంతుని పక్క కాలేజీకి అమ్ముకోవచ్చు కూడా. "నా మొదటి వంతు నీకిస్తా, నీ ఫిజిక్స్ లెక్చరర్ని నాకివ్వు" అని. దీన్నే ఇక్కడివాళ్ళు అలొకేషన్ ఆర్డర్ అన్నారు. జాతీయ జట్టు ఆటగాళ్ళు విదేశాల నుంచి వస్తే ఈ వరస ప్రకారమే పంచేవాళ్ళు.

ఈ అలవాటు సాకర్‌తో పుట్టింది కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ జట్టు ఎప్పుడూ ఓడిపోయేది. మంచి ఆటగాళ్ళంతా డబ్బున్న జట్లకే పోతున్నారనీ, ఓడినవాడికి ముందు వంతు ఇవ్వాలనీ ఆయన తోటి యజమానుల్ని ఒప్పించాడు. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. మొదటి వంతు ఆయనదే. జే బర్వాంగర్ అనే కాలేజీ వీరుణ్ణి ఎంచుకున్నాడు. ఆ మహానుభావుడు జీతం కుదరక ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ కూడా ఆడలేదు! సంతలో అమ్మకానికి లేనిదంటూ ఉండని ఈ దేశంలో ఆటగాళ్ళకి మాత్రం రేషన్ పెట్టడం మొదట్లో నాకు ముచ్చటగానే అనిపించింది. యూరప్‌లో అలా కాదు. డబ్బున్న క్లబ్బు కొనుక్కుంటుంది, ఓడిన క్లబ్బు కింది లీగులోకి జారుతుంది.

సాకర్‌లో ఈ రేషన్ మరీ బిగుసుకోవడానికి కారణం ఒక పాత దెబ్బ. 1975లో అప్పటి లీగులోని న్యూయార్క్ కాస్మోస్ పెలేని తెచ్చింది. మిగతా క్లబ్బులు దాన్ని చూసి వాత పెట్టుకున్నాయి. 1984 సీజన్‌తో ఆ లీగే మూతపడింది. తర్వాత 1994 ప్రపంచ కప్ ఇక్కడ జరపడానికి ఇచ్చిన మాట ప్రకారం కొత్తగా మేజర్ లీగ్ సాకర్ పెట్టారు. 1996లో పది జట్లతో మొదలైంది. తొలి మ్యాచ్ మా ఊళ్ళోనే. ఈసారి ఏ జట్టూ సొంతంగా చేతులు కాల్చుకోకుండా ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆటగాడి ఒప్పందం జట్టుతో ఉండదు, లీగుతో ఉంటుంది. యజమానులంతా ఒకే కంపెనీలో వాటాదార్లు. మా జీతాల కోసం మీలో మీరు పోటీ పడకపోవడం అన్యాయమని ఆటగాళ్ళు 1997లో కోర్టుకెక్కారు. 2000లో జ్యూరీ వాళ్ళ మాట కొట్టేసింది, 2002లో అప్పీలూ పోయింది.

ఇక అసలు కథ. 2005 మొదట్లో డోనవన్ మళ్ళీ లెవర్‌కూసెన్‌కి వెళ్ళాడు. అక్కడ పొసగక కొద్ది నెలల్లోనే తిరిగొచ్చాడు. ఈసారి వరసలో మొదటి వంతు డల్లాస్‌ది. గెలాక్సీ తన గోల్స్ వీరుడు, గ్వాటెమాలా వాడైన కార్లోస్ రూయిజ్‌ని డల్లాస్‌కిచ్చి ఆ వంతు పుచ్చుకుంది. పైన చెప్పిన ఫిజిక్స్ లెక్చరరు ఇతనే. రెండు కప్పులు గెలిచిపెట్టిన ఊరికి కాకుండా దాని ఆగర్భ శత్రువు చేతికి పోయాడు డోనవన్. ఆ ఏడాది లీగ్ దశలో అందరికంటే ముందున్న శాన్ హోసేని ప్లేఆఫ్‌లో గెలాక్సీయే ఓడించి, కప్పు కూడా పట్టుకుపోయింది. అప్పట్లో ఈ రెండు జట్లూ నడిపేది ఒకే యజమాని సంస్థ అన్న సంగతి చెప్పేటప్పుడు మా పెద్దాయన గొంతు మారుతుంది. వరస కుదరనప్పుడు ఏం చేసేవారంటే, 2014లో జెర్మెయిన్ జోన్స్ అనే ఆటగాడి కోసం షికాగో, న్యూ ఇంగ్లండ్ జట్లు పట్టుబడితే చీటీలు తీశారు. న్యూ ఇంగ్లండ్ పేరొచ్చింది.

ఆ రేషన్ మీద నా ముచ్చట తీరిపోయింది ఆ తర్వాత జరిగినదానితో. పంపకాల్లో ఇంత సమన్యాయం పాటించే లీగు, ఊరి విషయంలో ఏ వరసా పెట్టుకోలేదు. సొంత స్టేడియం కుదరలేదని ఆ 2005 సీజన్ అయిపోగానే జట్టుని మూటగట్టి టెక్సస్‌లో హ్యూస్టన్‌కి తరలించారు. పేరు, రంగులు, పాత రికార్డులు మాత్రం ఇక్కడ వదిలేశారు. వెళ్ళినవాళ్ళు 2006లో, 2007లో అక్కడ వరసగా కప్పు గెలిచారు. శాన్ హోసేకి మళ్ళీ జట్టు వచ్చింది 2008లో. సమానత్వం యజమానుల మధ్యనే. ఆటగాడికీ, టికెట్ కొన్నవాడికీ అందులో వంతు లేదు.

ఇదంతా పరాయి గొడవని పక్కన పెట్టకండి. మన హైదరాబాద్ ఒకప్పుడు ఫుట్‌బాల్‌కి పెట్టింది పేరు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడొచ్చి, 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయాడు. ఇక్కడ చలికాలం సాయంత్రాలు ఐదున్నరకే చీకటి పడితే, హైదరాబాద్ ఫతే మైదాన్ గోడ పక్కన ఇరానీ చాయ్ తాగుతూ పెద్దవాళ్ళు ఈ పేర్లు వల్లించడం గుర్తొస్తుంటుంది. అప్పుడు ఆటగాళ్ళు పోయినా ఆట ఊళ్ళోనే ఉండేది. ఇప్పటి పద్ధతి వేరు. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. రేపు ఏ ఆటకైనా సరే మీ ఊరి పేరుతో కొత్త జట్టు వస్తే, ఎవర్ని ఎన్ని కోట్లకి కొన్నారని తర్వాత అడగండి. ఊరు వదిలిపోకుండా ఏం షరతు రాసుకున్నారో ముందు అడగండి.