వృత్తం వాలితే ఏమవుతుంది?

చివర్లలో కొక్కేలు లేకుండా, స్కేలుతో గీసిన గీతల్లా, వృత్తలేఖినితో తిప్పిన సున్నాల్లా కనిపించే ఇంగ్లీషు అక్షరాలకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది 'ఫ్యూచురా'. జర్మన్ రూపకర్త పాల్ రెన్నర్ గీయగా, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ కార్ఖానా 1927లో దాన్ని సీసంలో పోత పోసి అమ్మకానికి పెట్టింది. నిలువు అక్షరాల తర్వాత కొన్నేళ్లకు కుడివైపు వాలిన రూపాలూ వచ్చాయి.

జర్మన్ పుస్తకాలు అప్పటికింకా ఎక్కువగా కోణాలు తిరిగిన పాత గోథిక్ లిపిలోనే అచ్చయ్యేవి. కొత్త కాలానికి కొత్త అక్షరం కావాలని రెన్నర్ పట్టుబట్టాడు. అలాగని గతాన్ని పూర్తిగా వదులుకోలేదు. ఫ్యూచురా పెద్దబడి అక్షరాల కొలతలకు ప్రాచీన రోమన్ శిలాశాసనాలే ఆధారం. 1932లో నాజీల సాంస్కృతిక విధానాన్ని ఎండగడుతూ ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది వాళ్లు అధికారంలోకి రాగానే మ్యూనిక్‌లో ముద్రణ కళాశాల అధిపతి పదవి పోయింది, అరెస్టూ అయ్యాడు.

వాలు అక్షరం చరిత్ర ఇంకా పాతది. 1501లో వెనిస్ ప్రచురణకర్త ఆల్డస్ మనూషియస్ 'ఇటాలిక్' అనే వాలు అక్షరాల్లో వర్జిల్ కావ్యాలను అచ్చు వేశాడు. ఆ అక్షరాలను చెక్కిన ఫ్రాంచెస్కో గ్రిఫోకు నమూనా నాటి పండితుల చేతిరాత. అందుకే మామూలు పుస్తకాల్లో ఇటాలిక్ వస్తే వాలుతోపాటు అక్షరాల ఆకారమే మారుతుంది. ఫ్యూచురాలో ఆ వెసులుబాటు లేదు. దాని చిన్నబడి 'ఏ' మొదటినుంచీ ఒక సున్నా, పక్కన ఒక గీత. తేడా చూపే భారమంతా వాలు మీదే పడింది.

చిక్కంతా అక్కడే. వృత్తాన్ని పక్కకు తోస్తే అది దీర్ఘవృత్తమై, పై కుడిన, కింది ఎడమన గీత లావెక్కుతుంది. మిగతా రెండు వైపులా సన్నబడుతుంది. మంచి రూపకర్త ఆ లావును చెక్కి, సన్నదనాన్ని నింపి, ఒంపులను మళ్లీ గీస్తాడు. గణితం ఇచ్చిన ఆకారాన్ని కన్ను ఒప్పుకునేదాకా సవరించడమే ఈ పని.

ఆ వాలులో వేగం ఉంది, నిలదీసే స్వరమూ ఉంది. పత్రికా డిజైనర్‌గా పనిచేసిన అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ నలుపు తెలుపు ఫొటోల మీద, ఎర్రటి పట్టీల్లో, ఫ్యూచురా బోల్డ్ వాలు అక్షరాలతో స్త్రీల హక్కుల గురించి, వినిమయ వ్యామోహం గురించి సూటిగా ప్రశ్నలు వేసింది. ప్రకటనల భాషనే ప్రకటనల మీదికి తిప్పింది. 1994లో న్యూయార్క్‌లో మొదలైన 'సుప్రీమ్' దుస్తుల దుకాణం గుర్తులోనూ అదే పోలిక కనిపిస్తుంది.

తెలుగువారికి ఇందులో నేరుగా పనికొచ్చే పాఠం ఉంది. మన ఫాంట్లలో చాలావాటికి విడిగా గీసిన వాలు రూపం లేదు. మీట నొక్కితే కంప్యూటరే అక్షరాన్ని పక్కకు తోసేస్తుంది. ఒంపులే ప్రాణమైన లిపికి ఆ తోపుడు చేసే హాని మరీ ఎక్కువ. 'ఠ', 'ర', 'ం' వంటి గుండ్రని రూపాలను వాలులోనూ ఓపికగా గీసే రూపకర్తలు మనకు కావాలి. వారి శ్రమకు తగిన ధర చెల్లించే ప్రచురణకర్తలూ కావాలి.